సున్నం తీర్చే బాకీ

పండక్కి ముందు వెల్ల వేయించడానికి తొట్టిలో సున్నం వేయిస్తే మా ఇంట్లో పిల్లలంతా చుట్టూ మూగుతారు. కింద కట్టె లేదు, నిప్పు లేదు. నీళ్ళు మాత్రం కుతకుత ఉడుకుతాయి. "సున్నానికి కోపం వచ్చింది తాతయ్యా!" అంటుంది మనవరాలు. కోపం కాదమ్మా, బాకీ తీరుస్తోంది అంటాను నేను.

ఎవరి బాకీ అంటారా? బట్టీది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల రాయికి దక్కేది 56 గ్రాముల సున్నం. ఆ విడగొట్టే పనికే రాయి 178 కిలోజౌళ్ళ వేడిని మింగుతుంది. రాయిని అంతవరకూ కాచడానికి పట్టే వేడి వేరే లెక్క.

ఈ చర్యకు రాకా ఉంది, పోకా ఉంది. మూసిన పాత్రలో కాల్చితే వాయువుకు దారిలేక కొంత మళ్ళీ సున్నంతో కలిసి రాయే అవుతుంది. అందుకే బట్టీలో గాలి ఆడాలి. వేడి పెంచితే ఇటువంటి చర్య వేడిని మింగే వైపుకు మొగ్గుతుంది, తగ్గిస్తే విడిచే వైపుకు మళ్ళుతుంది. 1884లో ఈ సూత్రం చెప్పిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాట్లియే సున్నం, సిమెంటుల మీద పనిచేసినవాడే! అంతకు నూరేళ్ళ ముందే లవోయిజర్, లాప్లాస్ మరో మాట చెప్పారు: విడగొట్టడానికి ఎంత వేడి పడుతుందో, తిరిగి కూడేటప్పుడు అంతే వేడి బయటపడుతుంది. నయాపైసా తేడా ఉండదు.

సరే, మన సున్నం లెక్క చూద్దాం. ఆ 56 గ్రాములూ నీళ్ళు తాగి 65 కిలోజౌళ్ళు తిరిగి ఇస్తాయి. కొద్దే కదా అనుకోకండి. కిలో సున్నం విడిచే వేడి 3 లీటర్ల నీళ్ళను మరిగే దాకా తీసుకురాగలదు. సున్నపునీరు చిట్లి కంట్లో పడితే చూపుకే ముప్పు. అందుకే పిల్లలను దూరంగా నిలబెడతాను. సున్నం మీద నీళ్ళు పోయనివ్వను. ఎక్కువ నీళ్ళలో సున్నమే కొద్దికొద్దిగా వేయిస్తాను. ప్లాస్టిక్ బకెట్టు అసలు పనికిరాదు. ఒకవేళ కంట్లో పడితే రుద్దకుండా వెంటనే మంచినీళ్ళ ధారతో చాలాసేపు కడిగి, డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

మరి 178లో తక్కిన 113 ఏమైనట్టు? గోడ మీద ఉంది! వేసిన వెల్ల గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. మిగిలిన బాకీ అప్పుడు తీరుతుంది. రోజులు, వారాలు సాగే పని కాబట్టి ఆ వెచ్చదనం అరచేతికి అందదు.

ఇదే కిటుకుతో ఎండవేడిని దాచాలని పరిశోధనశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. తడిసున్నాన్ని 500 డిగ్రీలు దాటించి కాచితే నీటిని వదిలి పొడిసున్నమవుతుంది. కావలసినప్పుడు నీటి ఆవిరి తగిలిస్తే చాలు, వేడి తిరిగి వస్తుంది. పేచీ అల్లా ఒక్కటే: మాటిమాటికీ ఇలా తిప్పితే పొడి ఉండలు కట్టి, ఆవిరి లోపలికి సరిగా దూరదు.