మలబారు నాలుక చేప

చేపల బజారునకు వెళ్లు అలవాటు గలవారు, తట్టలో ఆవు నాలుకను బోలి పలుచగా సాగియుండు చిన్న చేపలను చూచియే యుందురు. మన తూర్పు తీరమునను ఈ కుటుంబమువి దొరకును గాని, వీనికి పేరెన్నికగన్న తావు మలబారు. అచ్చటి మలయాళులు దీనిని మాంతళ్ అనియు, నంగు అనియు పిలుతురు. ఇది సామాన్యముగా 15 సెంటీమీటర్లకు మించదు. తలకడ గాటుపెట్టి, తోలును తోకదాక ఒక్క ఊపున ఊడబెరికి కూర వండుకొందురు. మిగిలినదానికి ఉప్పు పట్టించి ఎండబెట్టుకొందురు.

దీని కన్నులు రెండును ఎడమ ప్రక్కనే యుండును. ఇది పుట్టుకతో వచ్చిన వంకర గాదు సుమా! గ్రుడ్డు వీడిన పిల్ల తక్కిన చేపపిల్లల వలెనే ప్రక్కకొక కన్నుతో నీటి నడుమ ఈదులాడును. కొంత పెరిగిన పిమ్మట కుడికన్ను మెల్లమెల్లగా జరిగి ఎడమకంటి చెంతకు చేరును. అంతట పిల్ల అడుగునకు దిగి, కుడిప్రక్క క్రిందుగా బురదపై పరుండును. పైప్రక్క మచ్చలతో కూడిన గోధుమవన్నె, క్రిందిది తెలుపు. రొమ్మురెక్కలు లేవు. వీపురెక్కయు, క్రిందిరెక్కయు తోకతో కలసి, చీరకు అంచు కుట్టినట్లు ఒడలిని చుట్టియుండును. కొక్కెము వలె వంగిన నోటితో బురదలోని పురుగులను, రొయ్యల వంటి చిన్న ప్రాణులను ఏరుకొని తినును.

సగము దారి జరిగిన కంటివలన ఏమి లాభమని 1871లో మీవర్టు అను పండితుడు డార్విన్‌ను ఆక్షేపించెను. అట్టి సగము జరిగిన కన్నుగల పురాతన చేపల శిలాజములను 2008లో ఫ్రీడ్మన్ వర్ణించిన పిదప ఆ ప్రశ్నకు బదులు దొరకినది.

నాకు ఇంతకన్న వింతగా తోచునది దీని పొలుసు. నైరుతి ఋతుపవనములు వచ్చినంతనే తీరపు అడుగు కలగి, బురదలోని ఆహారము క్షీణించును. ఈ చేపలు లోతు నీటికి తొలగిపోవును, అర్ధాకలితో కాలము గడపును. ఆ కొరత పొలుసుపై ఒక గీతగా నిలిచిపోవును! కాలికట్టు అని మనమెరిగిన కోళిక్కోడున శేషప్ప, భీమాచార్ అను శాస్త్రజ్ఞులు 1951 ప్రాంతమున ఈ గీతలను గుర్తించి, వానిని బట్టి చేప వయస్సును లెక్కించిరి. పస్తుండిన ఋతువును ఒడలిపై వ్రాసికొను ప్రాణి ఇది. మొదటి యేడు నిండునప్పటికే ఇది గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చును.

వానలు వెనుకబట్టగానే చేపలు గుంపులుగా తీరమునకు మరలును. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో బెస్తల వలలు నిండును. పూర్వము చిన్న పడవలతోడి వేట యగుటచే బురదకు అంత హాని లేకుండెను. ఇప్పటి మరబోట్ల ట్రాలు వలలు సముద్రపు అడుగును దున్నుకొనుచు పోవును. పురుగుల యిండ్లు చెదరును. పిల్లచేపలును వలసంచిలో చిక్కును. కావుననే కేరళ ప్రభుత్వము 1988 నుండి ఏటేటా వానకాలమున ట్రాలు వేటను నిషేధించుచున్నది. ఇది మంచి ఏర్పాటే. అయితే జూలై నెలాఖరుతో ఆ నిషేధము ముగియును. మాంతళ్ గ్రుడ్లు విడుచునది అక్టోబరు మొదలు మే నెల వరకు.