ఐర్లండువారి ఋణోపవాసము – మన యుపవాసశబ్దము

ఐర్లండుదేశపు ప్రాచీనధర్మశాస్త్రమున 'త్రోస్కద్' అను నొక వ్యవహారము గలదు. ఆ మాటకు ఉపవాసమని యర్థము. 'బ్రెహన్' లను న్యాయకర్తలు పాటించిన ధర్మములు క్రీ.శ. 700 ప్రాంతమున 'షెన్హస్ మోర్' అను సంగ్రహముగాఁ గూర్పఁబడెను. వాని ననుసరించి, సామాన్యుఁడు గొప్పవానినుండి తన బాకీ రాఁబట్టుకొనవలసినచో, అతని సొత్తును బట్టుకొనుటకు ముందు అతని వాకిట నుపవసింపవలెను. ప్రతివాది తగిన పూచీ యిచ్చినచో నుపవాసము చాలింపవలెను. అప్పటికిని చాలింపనివాఁడు తన హక్కును గోల్పోవును. న్యాయమైన యుపవాసమును లెక్కసేయని ప్రతివాది బాకీకి రెండింత లీయవలెను.

మనదేశమున నిట్టి యాచారమే ధర్నా. మనువు ఋణసాధనోపాయముల నైదింటిని జెప్పుచు 'ఆచరిత' మను దాని నొకటిగాఁ బేర్కొనెను. గుమ్మముకడఁ గూర్చుండుట మొదలగు లోకాచారములే యాచరితమని కొందఱు పండితులు గ్రహించిరి. ఐర్లండువారి యుపవాసమును ధర్నాతోఁ బోల్చి 1875లో హెన్రీ మెయిను వ్రాసెను. 1860 నాటి భారతశిక్షాస్మృతి తన 508వ సెక్షనున ధర్నాను నేరమునకు ఉదాహరణముగాఁ జూపెను.

ఆచారములు సమానములే, శబ్దములు సమానములు కావు. ఐర్లండుభాషలో ఆ క్రియ 'మీఁద' అను నర్థముగల పదముతోఁ గూడి, 'బాకీదారునిమీఁద నుపవసించుట' యని ప్రయోగింపఁబడును. మన యుపవాసశబ్దమున నా బాకీదారునకుఁ జోటు లేదు. పాణిని 1-4-48 సూత్రముచే ఉపపూర్వకమగు వసధాతువునకు ఆధారము కర్మమగును. 'నగర ముపవసతి' యనఁగా నగరమున నివసించుచున్నాఁడని యర్థము. భోజనము మానుట యను నర్థమున నీ విధి వర్తింపదని వార్తికకారుఁడు నిషేధించెను. కావున 'నగరే ఉపవసతి' యని సప్తమియే నిలుచును. కర్మము తొలఁగిపోయి కర్త యొక్కఁడే మిగులును. ప్రాయోపవేశ మన్నచో మరణనిశ్చయముతోఁ గూర్చుండుట. దీక్ష యన్నచో వ్రతనియమము. ఈ మూఁడును ఉపవసించువానినే చెప్పును గాని, యెవరివలనఁ బని కావలయునో చెప్పవు.

ఈ భేదము వైయాకరణుల వినోదమునకు మాత్రమే కాదు. ఐర్లండులోని కార్క్ నగరాధ్యక్షుఁడు టెరెన్స్ మాక్‌స్వీనీ 1920 ఆగస్టులో నిర్బంధింపఁబడి, ఆహారము మాని, 74 దినములకు అక్టోబరు 25న లండనునందలి బ్రిక్స్‌టన్ చెఱసాలలో మరణించెను. మన నెల్లూరిలో పొట్టి శ్రీరాములుగారు 1946లో, అస్పృశ్యులని వెలివేయఁబడినవారికి మూలపేట వేణుగోపాలస్వామి యాలయమునఁ బ్రవేశము గావలెనని యుపవసించిరి. తుదకా హక్కు లభించెను. ఆయనయే 1952 అక్టోబరు 19న మదరాసులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రమునకై దీక్ష పూని, 58 దినములకు డిసెంబరు 15న దేహము చాలించిరి. నాలుగు దినములకు ప్రధాని నెహ్రూ రాష్ట్రనిర్మాణమును బ్రకటించెను; 1953 అక్టోబరు 1న రాష్ట్ర మేర్పడెను.

మూలపేటలో బాకీ చెల్లెను, ఉపవాసియు బ్రదికెను. మదరాసులో బాకీ చెల్లెను గాని, యది యుపవాసి పోయిన పిమ్మట. 2008లో ఆయన పేరు మన జిల్లాకుఁ బెట్టఁబడెను. పాఠశాలలలో దినముల సంఖ్యను, మరణమును మాత్రమే చెప్పినచో మన మాయన సహనమునే బోధించినవార మగుదుము. ఎవరిమీఁద, ఏ బాకీకై, ఏల జాగయ్యెను అని విద్యార్థులచే నడిగింపవలెను. ఐర్లండుభాష క్రియతోడనే చెప్పుదానిని మనము వ్యాఖ్యానమునఁ జెప్పవలసియున్నది.