రక్షణ నిశ్చయత

రక్షణ నిశ్చయత అనగా తాను దేవునిచే క్షమింపబడి నిత్యజీవము పొందినానని క్రైస్తవ విశ్వాసికి కలిగే దృఢమైన నమ్మకము. ఆ నమ్మకము యథార్థమో, భ్రమయో తెలుసుకొనుటకు విశ్వాసి తన హృదయమును, నడతను పరిశోధించుకొనుటను ఆత్మపరీక్ష అంటారు. పరీక్ష లేని నిశ్చయత ఆత్మవంచనకు, నిశ్చయత దొరకని పరీక్ష నిరాశకు దారితీయవచ్చు. అందువలన ఈ విషయము ప్రొటెస్టంటు వేదాంతములో విస్తారముగా చర్చింపబడినది.

బైబిలులో ఆధారములు

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో (13:5), విశ్వాసములో ఉన్నారో లేదో తమ్మును తామే పరీక్షించుకొనవలెనని కోరాడు. అక్కడివారు పౌలు అధికారమునకు రుజువు అడిగిన సందర్భములో ఈ మాట వచ్చినది. మొదటి పత్రిక (11:28) ప్రభు భోజనమునకు ముందు ఆత్మపరీక్షను విధిస్తుంది. తెలుగు ప్రొటెస్టంటు సంఘాలలో ప్రభు బల్ల ఆరాధన సమయమున ఈ భాగమును చదవడము వాడుక.

యోహాను మొదటి పత్రికలో మూడు గుర్తులు పదేపదే కనిపిస్తాయి: క్రీస్తును గూర్చిన సరియైన విశ్వాసము, ఆజ్ఞలను గైకొనుట, సహోదర ప్రేమ. పాఠకులు తమకు నిత్యజీవము కలదని తెలుసుకొనుటకే పత్రిక వ్రాయబడినదని 5:13 తెలుపుతుంది. మత్తయి సువార్త 7:21-23 మాత్రము, ప్రభువు నామమున అద్భుతములు చేసినవారు సైతము తిరస్కరింపబడవచ్చునని హెచ్చరిస్తుంది.

చరిత్ర

ప్రత్యేక దైవ ప్రత్యక్షత లేనిదే తాను ఎన్నుకోబడినవాడనని ఎవరును సంపూర్ణ నిశ్చయముతో చెప్పజాలరని రోమను కాథలిక్కుల ట్రెంటు మహాసభ 1547లో ప్రకటించినది. ఇందుకు భిన్నముగా, జాన్ కాల్విన్ విశ్వాసమునే దేవుని కృపను గూర్చిన స్థిరమైన ఎరుకగా నిర్వచించి, విశ్వాసి తనను గాక క్రీస్తును చూడవలెనని బోధించాడు. ఇంగ్లాండులోని ప్యూరిటనులు జీవితములోని ఫలములను కూడా సాక్ష్యముగా పరిగణించారు. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణము నిశ్చయతకు మూడు ఆధారములు చూపినది: దేవుని వాగ్దానములు, అంతరంగములోని కృపా లక్షణములు, పరిశుద్ధాత్మ సాక్ష్యము. నిజమైన విశ్వాసికి సైతము నిశ్చయత ఆలస్యముగా లభించవచ్చునని అది అంగీకరించినది.

జాన్ వెస్లీ తనకు ఈ నిశ్చయత 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటములో కలిగినదని తన దినచర్యలో వ్రాసుకున్నాడు.

నార్తాంప్టన్ అనుభవము

అమెరికాలోని నార్తాంప్టన్ పట్టణములో జోనాథన్ ఎడ్వర్డ్స్ పరిచర్యలో 1734-35లో గొప్ప ఉజ్జీవము కలిగినది. ఆ సమయముననే, 1735 జూన్ 1న, ఆయన తల్లి సోదరి భర్తయైన జోసెఫ్ హాలీ ఆత్మహత్య చేసుకున్నాడు. హాలీ వంశపారంపర్యమైన విషాద రోగమునకు లోనైనవాడనియు, తన ఆత్మస్థితిని గూర్చి తీవ్రముగా కలత చెందినాడనియు ఎడ్వర్డ్స్ వ్రాశాడు. 1746లో ప్రచురించిన గ్రంథములో ఆయన, గాఢమైన భావోద్వేగములు, శరీర కంపనము, ధారాళమైన ప్రసంగము విశ్వాసము నిజమనిగాని అబద్ధమనిగాని నిరూపింపజాలవని వివరించాడు. అందులోని పన్నెండు గుర్తులలో చివరిది, ముఖ్యమైనది క్రైస్తవ ఆచరణ.

బలహీన విశ్వాసము

సున్నితమైన మనస్సాక్షి గలవారు తమలో లోపములనే చూస్తారు. అందువలన విశ్వాసము బలహీనముగా ఉండుట, లేకపోవుట వేర్వేరని సంస్కరణ సంఘాలు బోధిస్తాయి. 1618-19 నాటి డార్ట్ మహాసభ నియమములు, నిశ్చయతను ఇంకను బలముగా అనుభవింపనివారు భయపడక, వాక్యము, ప్రార్థన మొదలగు సాధనములను విడువక వినియోగించుకొనవలెనని సూచిస్తాయి.