ఆ ‘ఉన్నా’లో ఏముంది?

పోయినేడు మన క్లబ్ గోడపత్రికకి మంగళయాన్ మీద ఒక పేజీ రాశాను. రాశానంటే, ఒక విదేశీ న్యూస్ సైట్‌లో చదివినదాన్ని రాత్రికి రాత్రి తెలుగు చేశాను. మొదటి వాక్యం ఇది: “కోట్లమంది పేదరికంలో ఉన్నా భారత్ అంగారకుడి దాకా వెళ్లింది.” అది చదివి నా రూమ్మేట్ మొహం మాడ్చుకున్నాడు. వాడిది సూళ్లూరుపేట. వాళ్ల నాన్న షార్‌లో పనిచేస్తారు.

“మా నాన్న చేసింది తప్పని రాశావేంట్రా?”

“అలా ఎక్కడ రాశాను?”

“మరి ఆ ‘ఉన్నా’ ఏంటి?”

నాకు వెంటనే వెలగలేదు. తర్వాత పదో తరగతి వ్యాకరణం గుర్తొచ్చింది. అప్యర్థకం! “ఎంత చదివినా మార్కులు రాలేదు” అన్నామంటే, చదివితే మార్కులు రావాలనే లెక్క ఆ ‘చదివినా’లోనే ఉంది. అలాగే “పేదరికంలో ఉన్నా వెళ్లింది” అంటే, పేదవాళ్లు అక్కడిదాకా వెళ్లకూడదనే లెక్క లోపల నక్కి ఉంది. పేదరికం నిజం, ప్రయోగమూ నిజం. రెంటినీ కలిపిన ఆ అతుకు మాత్రం రాసినవాడి అభిప్రాయం. అబద్ధం ఒక్కటీ లేదు కాబట్టి పట్టుకోవడం కష్టం.

మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఖర్చు సుమారు 450 కోట్ల రూపాయలు. దానికి రెండు రోజుల ముందే నాసా వాళ్ల మావెన్ చేరింది. దాని ఖర్చు సుమారు 67 కోట్ల డాలర్లు, అంటే మనదానికి దాదాపు తొమ్మిది రెట్లు. అమెరికాలోనూ ఇల్లు లేక ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లున్నారు. మావెన్ మీద నేను చదివిన ఏ వార్తలోనూ వాళ్లు కనపడలేదు.

పొగడ్తలోనూ ఇదే తంతు. ‘చీప్ మిషన్’ అన్నారు. మనకి చవక వేరు, చౌకబారు వేరు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది!

ఆ రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ ఎడిషన్‌లో ఒక కార్టూన్ వచ్చింది. తలపాగా కట్టుకున్న రైతు ఆవుని వెంటబెట్టుకుని ‘ఎలైట్ స్పేస్ క్లబ్’ తలుపు కొడుతుంటాడు. పాఠకులు మండిపడితే, ఎడిటోరియల్ పేజీ ఎడిటర్ ఆండ్రూ రోసెంతాల్ క్షమాపణ చెప్పారు. అది బొమ్మ కాబట్టి అందరి కంటా పడింది. ‘ఉన్నా’కి ఎవరు క్షమాపణ అడుగుతారు?

ఇలాంటివి వెతికితే బోలెడు. ఇరాన్‌లో ఉన్నది ‘రెజీమ్’, అమెరికాలో ఉన్నది ‘అడ్మినిస్ట్రేషన్’. రష్యాలో డబ్బున్నోడు ‘ఒలిగార్క్’, అమెరికాలో అయితే ‘బిలియనీర్’.

పేదరికం గురించి రాయొద్దని కాదు. అంతరిక్షానికి ఇంత ఖర్చు అవసరమా అని మన దగ్గరా అడిగినవాళ్లున్నారు. బడ్జెట్ లెక్కలు ముందు పెట్టుకుని నేరుగా అడగొచ్చు. విభక్తి చాటునుంచో ప్రత్యయం చాటునుంచో అడిగితేనే చిక్కు.

మనమేమీ తక్కువ తినలేదు. రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ లాంటి ఏజెన్సీలు ఇంగ్లిష్‌లో పంపింది తెలుగులోకి మారేటప్పుడు, వాళ్ల చూపు కూడా దాంతోపాటే దిగుమతి అవుతుంది. వార్తలు ధనిక దేశాల నుంచి మిగతా ప్రపంచానికి ఒకవైపే పారుతున్నాయని 1980లోనే యునెస్కో మెక్‌బ్రైడ్ కమిషన్ చెప్పింది. ఆఫ్రికాని 54 దేశాల ఖండంలా కాక ఒకే దేశంలా, ఆకలీ సూర్యాస్తమయాలే ఉన్న చోటులా రాసేవాళ్లని కెన్యా రచయిత బిన్యవంగ వైనైన 2005లో ‘గ్రాంటా’ పత్రికలో ఉతికి ఆరేశాడు. అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, కాసేపటికి ఆగిపోయింది. మా బ్రాంచ్‌లో టాంజానియా నుంచి వచ్చిన సీనియర్‌ని మేమంతా ‘ఆఫ్రికా అన్న’ అనే పిలుస్తాం. నన్నెవరైనా ‘ఆసియా తమ్ముడు’ అంటే పలుకుతానా?

సరే, గోడపత్రిక పేజీ మార్చాను: “450 కోట్లతో భారత్ అంగారకుణ్ణి చేరింది.” రూమ్మేట్‌ని పిలిచి చూపించాను. పైనుంచి కిందిదాకా చదివి, “మరి శ్రీహరికోట పేరేదిరా?” అన్నాడు.

నిజమే, పేజీ మొత్తంలో ఎక్కడా లేదు. నేను చూసి రాసిన వ్యాసంలోనూ లేదు. వాడి జేబులో పెన్ను తీసుకుని, మొదటి వాక్యానికి ముందు ఇరికించి రాశాను.