రవ్వ దారి తప్పితే

కొత్త ప్లగ్గులు వేయించాక బండి బాగుపడాలి. కానీ షెడ్డు దాటి రెండు మైళ్లు పోకముందే ఇంజన్ మిస్సింగ్ కొట్టడం, పికప్ పడిపోవడం, డాష్‌బోర్డు మీద ఇంజన్ గుర్తు పసుపురంగులో వెలగడం పెట్రోలు కారున్న చాలామంది చూసినదే. నెల్లూరు జిల్లా కలిగిరి పొగాకు వేలం కేంద్రానికి బేళ్లు మోసుకొచ్చే ట్రాక్టర్లకు ఈ బాధ లేదు. డీజిల్ ఇంజన్‌లో గాలి నొక్కుడుకే కాగిపోయి ఇంధనం దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలుకు మాత్రం రవ్వ పడాల్సిందే.

బండి మొరాయించగానే ‘ప్లగ్గులు డూప్లికేటు’ అనేస్తాం. డూప్లికేటు సరుకు ఉన్న మాట నిజమే. అయినా ముందు అనుమానించాల్సింది ప్లగ్గు మార్చేటప్పుడు చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో ఆ చోట్లను. ఈ చిన్న పరికరం పుట్టి పెరిగిన తీరు చూస్తే ఆ అనుమానం ఎందుకో తెలుస్తుంది.

1860లో పారిస్‌లో ఎతియెన్ లెన్వార్ తన గ్యాస్ ఇంజన్‌లో విద్యుత్ రవ్వతో మంట పుట్టించాడు. అది నిదానంగా తిరిగే యంత్రం. వేగంగా తిరిగే కారు ఇంజన్‌కు నమ్మకమైన రవ్వ 1902లో దొరికింది. జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసే గొట్‌లోబ్ హోనోల్డ్ హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును జతచేశాడు. వేల వోల్టులు పుట్టించడం అలా కుదిరింది. వాటిని దారి తప్పకుండా కొసదాకా నడపడమే అసలు కష్టం. మధ్య కడ్డీకి, చుట్టూ ఉన్న ఉక్కు ఒంటికి నడుమ ఉండే ఇన్సులేటరు లోపలి మంటను, ఇంజన్ అదురును, కరెంటును ఒకేసారి ఓర్చుకోవాలి. తొలినాటి పింగాణీ ఆ వేడికి పగిలేది.

దానికి బదులుగా వాడిన వస్తువు మన నేలలో దొరికేదే. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాలన్నీ నెల్లూరు అభ్రకపు మేఖల. కలిగిరి ఉన్నది ఆత్మకూరుకీ కావలికీ మధ్యనే. ఆకుపచ్చ ఛాయతో ఉండే ఈ అభ్రకం పల్చని పొరలుగా విడిపోతుంది, వేడికి చెదరదు, కరెంటును పోనివ్వదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల ప్లగ్గుల్లో అభ్రకం పొరలు చుట్టి వాడారు. ఇంగ్లండులో కెనెల్మ్ లీ గిన్నెస్ స్థాపించిన కె.ఎల్.జి. ప్లగ్గులకు పేరు తెచ్చింది అదే. తర్వాత పెట్రోలులో సీసం కలపడం మొదలైంది, ఆ సీసం అభ్రకాన్ని తినేసింది. 1930ల్లో అల్యూమినియం ఆక్సైడును కాల్చి చేసే గట్టి పింగాణీ వచ్చి దాని చోటు తీసుకుంది. మన దేశంలో 1951లో ఏర్పడిన మైకో బెంగళూరు కర్మాగారంలో తయారుచేసిన ప్లగ్గులు పల్లె మెకానిక్కుల దాకా చేరాయి. ఆ సంస్థే 2008లో బాష్ లిమిటెడ్ అయింది.

ఈ తెల్లటి పింగాణీ నిప్పును ఓర్చుకుంటుంది, దెబ్బను ఓర్చుకోదు. గచ్చు మీద పడినా, ప్లగ్ పానా వాలుగా పట్టి తిప్పినా వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఐడిలింగ్‌లో ఏమీ తెలియదు. ఉదయగిరి వైపు ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ కొసల మధ్య సందును దాటడానికి ఎక్కువ వోల్టులు కావాలి. అంత కష్టపడే బదులు కరెంటు ఆ పగులులోంచి జారి ఉక్కు ఒంట్లోకి పోతుంది. లోపల రవ్వ ఉండదు, బండి కుదుపు ఇస్తుంది. బరువు పడినప్పుడే మిస్సింగ్ వస్తుంటే ముందు పింగాణీని, కాయిల్ రబ్బరు తొడుగును దీపం పెట్టి చూడాలి. ఇన్సులేటరు అడుగున కనిపించే గోధుమరంగు మరక మాత్రం పగులు కాదు, లీకూ కాదు. హైవోల్టేజి చుట్టూ గాలిలోని నూనె తుంపరలు అంటుకుని ఏర్పడేదే. దాన్ని చూసి మంచి ప్లగ్గు పారేయనక్కర్లేదు.

కొసల మధ్య సందు చాలా కార్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఫీలర్ గేజితో కొలిచి మాన్యువల్ చెప్పిన అంకెతో సరిచూడాలి. ఇరిడియం ప్లగ్గు నడిమి కొస సన్నగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి దాని మీద బలం పెట్టి వంచకూడదు. వేడి అంకె ఇంకో చిక్కు. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, బాష్‌లో పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీది కొంటే ఎంపిక తలకిందులవుతుంది. ప్లగ్గు కొస దాదాపు 450 డిగ్రీలు దాటితేనే అంటిన మసి కాలిపోతుంది. 800 దాటి బాగా కాగితే రవ్వ పడకముందే మిశ్రమం అంటుకుంటుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా తేడా చేసేవి, నా లెక్కలో అసలు దోషులు, పక్క భాగాలు. ప్లగ్గులు అందడానికి గాలి పైపు ఊడదీస్తారు. తిరిగి పెట్టేటప్పుడు ఒక సన్నని వాక్యూమ్ గొట్టం వదులైతే సెన్సారు లెక్కలోకి రాని గాలి లోపలికి పోయి ఐడిలింగ్ ఎగిరెగిరి పడుతుంది. కాయిల్ కనెక్టరు ‘టిక్’ మని కూర్చోకపోయినా అంతే. ప్లగ్ వైర్లున్న పాత అంబాసిడర్, పద్మిని బళ్లలో 1-3-4-2 వరస తప్పి రెండు వైర్లు తారుమారైతే దడదడా కొట్టుకుంటుంది. బ్యాటరీ తీగ విప్పి ఉంటే కంప్యూటరు ఐడిలింగును మళ్లీ నేర్చుకుంటుంది, ఆ కొంతసేపు తిప్పలు సహజం.

స్కానరు పెడితే చాలా కార్లలో పి0302 లాంటి కోడు వస్తుంది. అంటే రెండో సిలిండర్లో మిశ్రమం సరిగా మండలేదని, కారణం ఏదైనా కావచ్చు. అప్పుడు రెండో కాయిల్‌ను మూడో చోటికి, మూడోదాన్ని రెండో చోటికి మార్చి, కోడు తుడిపి, కాసేపు నడపాలి. కోడు పి0303కి మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్గులను అలాగే తారుమారు చేసి చూడాలి, అప్పటికీ మారకపోతే ఇంజెక్టరు, కంప్రెషన్ వంతు. పగుళ్లు, కనెక్టర్లు, గొట్టాలు చూడకుండా కొత్త ప్లగ్గుల పెట్టె ఇంకోటి కొనడం డబ్బు దండగ.

ఇంజన్ గుర్తు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా షెడ్డు చేరవచ్చు. అదే వెలుగుతూ ఆరుతూ ఉంటే కాలని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోయి కెటలిటిక్ కన్వర్టరును ఎర్రగా కాల్చేస్తోందని అర్థం. అలాంటప్పుడు కావలిదాకా నెట్టుకుపోదామనుకోకుండా వింజమూరు రోడ్డు పక్కనే బండి ఆపి, ఇంజన్ కట్టేసి, టోయింగ్‌కు ఫోను చేయాలి.