కిన్నర కింపురుష శబ్దవిచారము

ఇతిహాసపురాణములందు దేవతలకును మనుష్యులకును నడుమ నిలిచిన జాతులు పెక్కు గలవు. యక్షులు, గంధర్వులు, గుహ్యకులు, విద్యాధరులు, నాగులు, వానరులు మున్నగువా రట్టివారు. వారిలోఁ గిన్నరులును గింపురుషులును నామముచేతనే మనుష్యులకు దగ్గఱవారు. ఒక పేరున నరశబ్దమును, రెండవదానఁ బురుషశబ్దమును స్పష్టముగ నున్నవి. ఈ రెండు నామములు నొక్క జాతివా, వేర్వేఱు జాతులవా? వానికి ముందున్న 'కిమ్' శబ్దము దేనిని నిందించుచున్నది? ఈ విచారము కేవలశబ్దవినోదము గాదు. ఆ శబ్దమున కిచ్చు నర్థమును బట్టియే వీరిని మృగప్రాయులుగా నెంచుటయో, విద్యావంతులగు జనముగా నెంచుటయో యేర్పడును.

పాణిని యష్టాధ్యాయి రెండవ యధ్యాయపుఁ బ్రథమపాదమున 64వ సూత్రముచే, నింద తోఁచునపుడు 'కిమ్' శబ్దము సుబంతముతో సమసించునని విధించెను. 'ఇతఁడు నరుఁడా?' యను సందేహార్థ మీ సూత్రమునకు విషయము గాదు. కావున కిన్నరశబ్దమునకుఁ గుత్సితుఁడగు నరుఁడనియే శాస్త్రసమ్మతమగు నర్థము. అమరకోశవ్యాఖ్యాత లిట్లే విగ్రహము చెప్పి, గుఱ్ఱపుమోము గలిగియుండుటయే యా కుత్స యని వివరించిరి.

అయిన నీ వివరణము పరీక్షింపఁదగినది. ఆ సూత్రమునకుఁ గాశికావృత్తి చూపిన యుదాహరణములు మూఁడు: ప్రజలను రక్షింపనివాఁడు కింరాజు, మిత్రునకు ద్రోహ మొనర్చువాఁడు కింసఖుఁడు, బరువు మోయని యెద్దు కింగౌః. కింరాజునకు వికృతమగు మోము లేదు. కింగౌః యనఁబడు నెద్దునకుఁ గొమ్ములును మూఁపురమును లోపింపలేదు. నింద యాకారమును గూర్చినది గాదు. తనకు విహితమైన ధర్మము లోపించుటను గూర్చినది. ఆ న్యాయముననే కింపురుషునియందుఁ గొఱవడిన ధర్మ మేదియో వెదకవలెను.

దీనికి సమాధానము బ్రాహ్మణగ్రంథములలో దొరకుచున్నది. దేవతలు పురుషునిఁ బశువుగా నాలభింపఁగా, యజ్ఞయోగ్యమగు మేధ మతనినుండి తొలఁగి యశ్వమునఁ బ్రవేశించెననియు, మేధము తొలఁగిన యా పురుషుఁడే కింపురుషుఁ డయ్యెననియు నైతరేయబ్రాహ్మణము రెండవ పంచిక తెలుపుచున్నది. ఇక్కడ లోపించినది యజ్ఞార్హత, అశ్వముఖప్రసక్తియే లేదు. వ్యాకరణోదాహరణములును బ్రాహ్మణకథయు నొక్క త్రోవనే నడచుచున్నవి. శతపథబ్రాహ్మణము మయుశబ్దమునకుఁ గింపురుషుఁ డని యర్థము చెప్పెను. అమరసింహుఁడు కిన్నర, కింపురుష, తురంగవదన, మయు శబ్దములను బర్యాయములుగాఁ జేర్చినప్పుడు, వైదికమగు మయుశబ్దమును, తురంగముఖకల్పనను దెలుపు శబ్దమును నొక్కచోటఁ గూర్చినవాఁడయ్యెను.

ఇఁక జాతిభేదమును గూర్చి. మహాభారతాదిపర్వమున సంభవకథనమునందుఁ గిన్నరులు రాక్షసవానరులతోఁ గూడఁ బులస్త్యుని సంతతిగాను, కింపురుషులు సింహవ్యాఘ్రాదులతోఁ గూడఁ బులహుని సంతతిగాను జెప్పఁబడిరి. కావున నితిహాసకర్త దృష్టిలో వీరు వేర్వేఱు. కొందఱు వ్యాఖ్యాతలు కిన్నరునకు గుఱ్ఱపుమోమును నరదేహమును, కింపురుషునకు నరముఖమును గుఱ్ఱపుదేహమును జెప్పి భేదమును నిలుపఁజూచిరి. కాళిదాసుఁడు కుమారసంభవ ప్రథమసర్గమున హిమవంతుని వర్ణించుచుఁ గిన్నరులను, అశ్వముఖీస్త్రీలను, కింపురుషాంగనలను మువ్వురను బేర్కొనెను గాని వారికి వంశభేదము చెప్పలేదు. మొదట వేఱుగా నున్న నామములు కావ్యకోశములలో నొక్కటిగాఁ గలసిపోయిన వనుట యుక్తము.

నామము నిందార్థక మైనను, కథలు వీరిని నిందింపవు. సభాపర్వమున నర్జునుఁ డుత్తరదిగ్విజయమందు శ్వేతపర్వతమును దాఁటి, ద్రుమపుత్రునిచే రక్షితమగు కింపురుషదేశమును యుద్ధముచే జయించి కప్పము గొనెను. దేశమును, రాజును, సేనయుఁ గలవారు మృగము లెట్లగుదురు? ఉద్యోగపర్వమున రుక్మి గంధమాదనవాసి యగు ద్రుమునియొద్ద ధనుర్వేదమును సమగ్రముగ నభ్యసించినట్లున్నది. విదర్భరాజకుమారునకు గురువైనవాఁ డొక కింపురుషుఁడు. రఘువంశమున నాల్గవ సర్గమందు రఘుని విజయములను గిన్నరులు పాడిరి. కాదంబరిలోఁ జంద్రాపీడుఁడు కిన్నరమిథునమును దఱుముకొనిపోయియే యచ్ఛోదసరస్సును జేరెను.

రామాయణోత్తరకాండమందలి యిలోపాఖ్యానము మఱియొక మార్గమును జూపుచున్నది. బాహ్లికదేశపు రాజగు నిలుఁడు శివుఁడు విహరించు వనమును జొచ్చి సపరివారముగా స్త్రీత్వము నొందెను. బుధుఁ డా పరివారస్త్రీలను గింపురుషీలై కొండచఱియలందు వసింపుఁడనియు, వేళ్లు, ఆకులు, పండ్లు తిని జీవించుచుఁ గింపురుషులను భర్తలుగాఁ బడయుఁడనియుఁ జెప్పెను. ఇచటఁ గింపురుషత్వము గ్రామజీవనమును విడిచి కొండలఁ జేరుటయే కాని పశుత్వము గాదు.

పురాణములు కింపురుషుని నాగ్నీధ్రుని తొమ్మండ్రు కొడుకులలో నొకనిగాఁ జెప్పి, యతనిపేర నొక వర్షమును నిలిపినవి. ఆ వర్షమున హనుమంతుఁడు కింపురుషులతోఁ గూడి శ్రీరాము నుపాసించుచున్నాఁడని భాగవతపంచమస్కంధము చెప్పుచున్నది. హిమాచలప్రదేశమందలి కిన్నౌర్ జిల్లా జనులను బ్రాచీనకిన్నరుల సంతతిగా నెంచువారు గలరు. హిమవత్ప్రాంతనివాస మనునది రెండింటికిని సమానమే. కాని ధ్వనిసామ్య మొక్కటియే వంశనిర్ణయమునకుఁ జాలదు.

నిందగాఁ బుట్టిన యీ శబ్దము కాలక్రమమున గౌరవము నొందెను. పదుమూఁడవ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునఁ గిన్నరీవీణను వర్ణించెను. తెలుఁగునాటఁ గిన్నెర నేఁటికిని జానపదుల చేతిలోఁ బలుకుచున్నది. హిందీభాషలో హిజ్రాలనఁబడు సమాజమువారిని గౌరవముగాఁ బేర్కొనుటకు నేఁ డీ కిన్నరశబ్దమునే వాడుచున్నారు. యజ్ఞశాలకు వెలుపల నుంచుటకై యొకఁడు పెట్టిన పేరును గానవిద్యచేతను, ధనుర్విద్యచేతను గిన్నరకింపురుషులు దిద్దుకొనిరి. కావునఁ గిన్నరశబ్దమునకు వికృతాకారుఁ డని మాత్రమే యర్థము వ్రాయుట సూత్రార్థమునకును, ఇతిహాసమునకును గూడ విరుద్ధము.