సగం కాలిన ముక్క

కిందటి చలికాలం ఒకనాటి సాయంత్రం కండ్లకోయ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు దగ్గరకు వచ్చి, కాస్త సంకోచిస్తూనే అడిగాడు.

"సార్, అడవిపంది మాంసం బాగా ఉడకబెడితే బలం పోతదంట గదా. నెగడు మీద సగం కాల్చి, ఉప్పుకారం అద్దుకొని తినాలంట. నిజమేనా?"

"కాదురా" అన్నాను. అంతలో బస్సు వచ్చింది. జంతుశాస్త్రం చెప్పేవాడు ఒక్క మాటతో తప్పించుకోవడం న్యాయం కాదు గనుక, మిగతా జవాబు ఈ సంచికలో రాస్తున్నాను. వాడు ఒక్కడే అడిగినా, ఆదివారం దావతులకు పోయే మిత్రులు మన కళాశాలలో చాలామంది ఉన్నారని నాకు తెలియనిది కాదు.

మొదట బలం సంగతి. ఉడుము పట్టు పడితే వదలదు గనుక దాని నెత్తురు పచ్చిగా తాగితే నడుము గట్టిపడుతుందన్నట్టే, అడవి జంతువు కండ పచ్చిగా తింటే దాని జోరు మనకొస్తుందని ఒక నమ్మకం. ఉడికించినంత మాత్రాన మాంసంలోని మాంసకృత్తులు ఎక్కడికీ పోవు, పైగా సులభంగా అరుగుతాయి. ఉడుము నెత్తురుతో కడుపులోకి వచ్చేది నడుము బలం కాదు, సాల్మొనెల్లా క్రిములు కావచ్చు. ఇది మన పెద్దల అలవాటని చెప్పుకోవడం కూడా సరికాదు. శ్రీకాళహస్తి తిన్నడంతటి వేటగాడు సైతం పంది మాంసాన్ని నిప్పుల మీద కాల్చి, రుచి చూసి మరీ శివుడికి పెట్టాడు. మేక నెత్తురును కూడా మన ఇళ్లలో ఉల్లిగడ్డ వేసి నల్ల వండుకుంటారే గాని పచ్చిగా తాగరు.

ఇక పురుగు సంగతి. దీన్ని మొదట పట్టుకున్నది ప్రొఫెసర్ కాదు, విద్యార్థి. 1835లో లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో జేమ్స్ పాజెట్ అనే మొదటి సంవత్సరం వైద్య విద్యార్థి శవాన్ని కోస్తున్నాడు. కండరాల నిండా తెల్లని చుక్కలు. కత్తులను మొండి చేసే ఆ చుక్కలు అంతకు ముందూ కనబడేవి. ఎముక పొట్టు అని అందరూ వదిలేసేవారు. పాజెట్ వదల్లేదు. దగ్గర మంచి సూక్ష్మదర్శిని లేక బ్రిటిష్ మ్యూజియంకు పోయి రాబర్ట్ బ్రౌన్‌ను అడిగాడు. మనం ఫిజిక్సులో చదువుకునే బ్రౌనియన్ చలనం ఆయన పేరు మీదిదే. ఆ దర్శిని కింద ఒక్కొక్క చుక్కలో చుట్ట చుట్టుకున్న చిన్న పురుగు! రిచర్డ్ ఓవెన్ అనే పెద్దాయన దానికి పేరు పెట్టి, కీర్తి కూడా తానే తీసుకున్నాడు. (విద్యార్థి కనిపెడితే పెద్దలు పేరు పెట్టుకోవడం ఈనాటి ముచ్చట కాదన్నమాట!) అదే ట్రైకినెల్లా. తరువాత 1846లో అమెరికాలో జోసెఫ్ లీడీ అదే పురుగును పంది మాంసంలో చూశాడు. ఉడికిస్తే చస్తుందని కూడా చెప్పాడు.

ఆ మాట వినని చోట ఏమైందో 1865లో ప్రష్యాలోని హెడర్స్‌లేబెన్ గ్రామంలో తెలిసింది. పచ్చి పంది కైమా తినే అలవాటున్న ఊరు. 337 మంది జబ్బుపడ్డారు. 101 మంది చనిపోయారు. మాంసాన్ని పరీక్షించాకే అమ్మాలని విర్కో వంటి వైద్యులు పోరాడింది ఇలాంటి ఊళ్లను చూసే.

ఈ పురుగు మన కడుపులో చేసే పని ఇది. జఠరరసానికి దాని చుట్టూ ఉన్న తిత్తి కరిగిపోతుంది. పురుగు చిన్నపేగులో పెరిగి పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు రక్తంలో పడి కండరాలకు చేరి, మళ్లీ తిత్తి కట్టుకుని కూర్చుంటాయి. తిన్న కొద్దిరోజులకు విరేచనాలు, ఆ పైన జ్వరం, ఒళ్లునొప్పులు, కనురెప్పల వాపు. మన దేశంలో ఇది అరుదే గాని, ఉత్తర భారతంలో మనుషులకు సోకిన సందర్భాలు వైద్య పత్రికలకెక్కాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన కథ ఈమధ్యది. 2022లో అమెరికాలోని సౌత్ డకోటాలో ఒక కుటుంబం వాళ్లు తొమ్మిది మంది కలుసుకున్నారు. వారిలో ఒకరు కెనడాలో వేటాడి తెచ్చిన ఎలుగుబంటి మాంసం 45 రోజులు ఫ్రీజరులో ఉంది. గడ్డకట్టిస్తే పురుగు చస్తుందని చెప్పారట. కూరగాయ ముక్కలతో కలిపి చువ్వలకు గుచ్చి కాల్చారు. ఆ మాంసం రంగే నలుపు, కాలిందో లేదో కంటికి తెలియలేదు. కొందరు తినడం మొదలుపెట్టాక పచ్చిగా ఉందని చూసి మళ్లీ కాల్చారు. ఆరుగురు జబ్బుపడ్డారు, వారిలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, కూరగాయలే తిన్నారు! ఆ మాంసంలో ఉన్నది చల్లని దేశాల ట్రైకినెల్లా, చలికి చావదు.

తిననివాడికి కూడా శిక్ష పడటం మన దగ్గర ఇంకో పురుగు విషయంలో మరీ ఎక్కువ. అది పంది బద్దెపురుగు. సరిగా ఉడకని పంది మాంసంలోని తిత్తి కడుపులోకి పోతే పేగులో బద్దెపురుగవుతుంది. దాని గుడ్లు ఆ మనిషి మలంతో బయటకొస్తాయి. కడగని చేతుల ద్వారా, కొత్తిమీర కట్ట ద్వారా అవి ఇంకొకరి కడుపులో పడితే, ఆ తిత్తులు మెదడులో కూడా కట్టవచ్చు. ఫలితం ఫిట్స్. మనదేశంలో ఫిట్స్‌కు ముఖ్య కారణాల్లో ఇదొకటి. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని ఇంటి పిల్లకు "పంది పురుగు జబ్బు" అంటే తల్లిదండ్రులు నమ్మకపోవడం సహజమే. పందులకే ఈ పురుగు సోకకుండా 'సిస్‌వాక్స్' అనే టీకాను తయారుచేసింది మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థే. కాని చేలల్లో తిరిగే పందికి టీకా ఎవరు వేస్తారు?

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కబేళాలో కోసిన మేకకు డాక్టరు ముద్ర పడే ఏర్పాటైనా ఉంది. పొదల్లో ఉచ్చుకు పడిన పంది ఏమి తిన్నదో, ఏ జబ్బుతో కుంటుతున్నదో, చచ్చి ఎంతసేపైందో చూసినవాడు లేడు. అందుకే దుకాణపు మాంసానికి చెల్లిన సూత్రం దీనికి చెల్లదు. అమెరికాలో ఉన్న మన పూర్వవిద్యార్థులు గొడ్డుమాంసం స్టేక్ లోపల ఎర్రగా ఉన్నా తింటున్నామంటారు. ముక్కగా ఉన్నంతవరకు దాని క్రిములు ఎక్కువగా పైభాగానే ఉంటాయి, పైన కాలితే చస్తాయి. కైమా కొడితే ఆ లెక్క తప్పుతుంది. ట్రైకినెల్లా ఉండేదేమో కండ లోపలే. టెక్సాసులో అడవిపందులను కోసే మిత్రులు చేతులకు తొడుగులు కూడా వేసుకోవాలి, బ్రూసెల్లా అనే క్రిమి కోసేటప్పుడే గాయాలగుండా ఎక్కుతుంది.

ముక్క నడిమధ్యకు 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఈ భయం తీరుతుంది. మన వంటింట్లో థర్మామీటరు అక్కరలేదు, చిన్న ముక్కలు కోసి కుక్కర్‌లో మెత్తబడేదాకా ఉడికిస్తే అంతకు మించిన వేడే తగులుతుంది. నెగడు మీద పెద్ద ముక్క పైన మాడుతుంది, లోపల మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. నిమ్మరసం, ఉప్పుకారం, పక్కనున్న కల్లు సీసా, ఏవీ పురుగును చంపవు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపందిని అనుమతి లేకుండా చంపడమే నేరం. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాని వేటకు మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు. అందుచేత మేడ్చల్ వైపు పొలాల్లో చాటుగా అమ్మేవాడి దగ్గర కొనకండి అనే నా సలహా.

అయినా ఎవరైనా ఇదివరకే తిని ఉంటే, రెండు మూడు వారాల్లో జ్వరం, కండరాల నొప్పి, కళ్ల కింద వాపు కనబడితే, డాక్టరు దగ్గర ఆ మాట దాచకండి. కేసు అవుతుందని భయపడి "ఏమీ తినలేదు సార్" అంటే ఆయన టైఫాయిడ్ అనో, మరొకటనో అనుకుంటాడు. ఈలోపల పిల్ల పురుగులు కండలోకి చేరిపోతాయి. ఆల్బెండజోల్ బాగా పనిచేసేది అంతకు ముందే. ఏ మాంసం, ఏ రోజు తిన్నారు, దావత్‌లో ఇంకెవరెవరు ఉన్నారు, ఈ మూడు ముక్కలు చెబితే చాలు. ఆ ఉన్నవాళ్లలో కూరగాయలు మాత్రమే తిన్నవాడి పేరు కూడా చెప్పండి.